గృహవైద్యము: ముట్లుడిగిన పిదప దాంపత్యము



గత మాసమున మాకు చేరిన జాబులలో నొకదానిని మేము మూడు మారులు చదివితిమి. వ్రాసిన సోదరి తమ పేరుగాని ఊరుగాని తెలుపలేదు. వయస్సు 51 ఏండ్లనియు, ముట్లుడిగి రెండేండ్లైనదనియు, పెద్ద కుమారునకు వివాహమై కోడలు ఇంటికి వచ్చినదనియు మాత్రము తెలిపిరి. ఏడాదిన్నర క్రిందట, మనుమరాలు రాత్రులందు ఉలికిపడి ఏడ్చుచున్నదను నెపమున, వారు తమ పడకను భర్త గదినుండి పసిదాని ఉయ్యెల ప్రక్కకు మార్చుకొనిరట. అసలు కారణము వేఱు. భర్తతోడి కలయిక వారికి గాజుపెంకుతో గీచినట్లు బాధ కలిగించుచుండెను. ఆ మాట నోట చెప్పలేక మంచము మార్చిరి. ఆయన తొలుత అడిగిరి, పిదప అలిగిరి, ఇప్పుడు కాఫీకి పిలిచినను పలుకుట తగ్గించిరి. ముప్పది యేండ్ల కాపురము ఈ విధముగా చెడవలసినదేనా, ఇందు తమ తప్పేమని ఆ సోదరి మమ్మడిగిరి.

ఇట్టి జాబునకు పత్రికలో సమాధానము వ్రాయవచ్చునా యని మాలో కొందఱు సంశయించిరి. కాని ఈ పుటలో మేము పసిబిడ్డల అజీర్తిని గూర్చి వ్రాసితిమి, బాలింతల పథ్యమును గూర్చి వ్రాసితిమి, రజస్వలయైన బాలికకు తల్లి చెప్పవలసిన సంగతులను గూర్చియు వ్రాసితిమి. ముట్టు మొదలగుటను గూర్చి వ్రాసినవారము ముట్టు నిలుచుటను గూర్చి నోరు మూసికొనుట న్యాయము గాదు. అదియునుగాక, నేటి స్త్రీ ముట్లుడిగిన పిమ్మట ముప్పది యేండ్లు జీవించుట వింత గాదు. అంతటి కాలమును "ఇంకేమున్నది, ముసలితనమే గదా" యని ఒక్క మాటతో త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు.

ముందుగా సంగతి యేమో తెలిసికొందము. పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రాకున్నచో, గర్భముగాని వేఱు వ్యాధిగాని కారణము కానియెడల, ముట్లుడిగినట్లు వైద్యులు లెక్కింతురు. పాశ్చాత్య దేశములందు ఇది సగటున 51వ ఏట జరుగును. మన దేశమున కొన్ని యేండ్లు ముందుగా, 46, 47 ఏండ్లకే జరుగుచున్నది. అండాశయములు ఈస్ట్రోజన్ అను హార్మోనును సిద్ధపఱచుట తగ్గించుటయే దీనికి మూలము. ఒంటిమీద వేడి ఆవిరులు ఎగయుట, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిఱాకు మున్నగునవి అందఱకు తెలిసినవే. ఇవి ఇరుగుపొరుగు స్త్రీలు పెరటిగోడ యొద్ద చెప్పుకొను బాధలు. చెప్పుకొనని బాధ మఱియొకటి కలదు.

యోనిగోడలు ఈస్ట్రోజన్ బలముననే దళసరిగను, సాగుగుణము గలిగి, చెమ్మగను ఉండును. కోరిక గలిగిన వేళ అచటికి రక్తము హెచ్చుగా వచ్చి తడి ఊరును. మఱియు లోపల మేలుచేయు సూక్ష్మజీవులు, పాలను పెరుగుగా మార్చువాని జ్ఞాతులే, నివసించుచు ఆ స్థలమును పుల్లగా ఉంచి చెడ్డ క్రిములను రానీయవు. ఆ పులుపును వైద్యులు పి.హెచ్. అను కొలతతో చెప్పుదురు. కాన్పుల వయస్సున అది సుమారు 3.8 మొదలు 4.5 వఱకు ఉండగా, ముట్లుడిగిన పిమ్మట 5కు మించును. అనగా పులుపు తగ్గును. ఈస్ట్రోజన్ తగ్గినకొలది గోడలు పలుచనగును, ఆఱిపోవును, చిన్న రాపిడికే చిట్లును. దురద, మంట, కలయికలో నొప్పి, పిదప ఒక్కొక్కప్పుడు నెత్తురు చుక్క కనిపించుట దీని ఫలితములు. మూత్రమార్గమును ఆ ప్రక్కనే యుండి అదే హార్మోనుపై ఆధారపడినది గావున, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట, ఆపుకొనలేకుండుట, తఱచు మూత్రవ్యాధులు సోకుట గూడ కలుగును. పూర్వము వైద్యులు దీనిని యోని క్షీణత యని మాత్రమే పిలుచుచుండిరి. 2014లో మూత్రబాధలను గూడ కలిపి, జననమూత్రాంగముల లక్షణసముదాయమను అర్థము వచ్చునట్లు క్రొత్త పేరు పెట్టిరి. పేరెట్లున్నను, ముట్లుడిగిన స్త్రీలలో సుమారు సగము మందికి ఈ బాధ యుండును. మన కాలనీలో, మన వీధిలో, మన అత్తవారింట, మన పుట్టింట సగము మంది!

ఇచట ఒక ముఖ్యభేదమును గుర్తింపవలెను. వేడి ఆవిరులు కొన్ని యేండ్లకు వానియంతట అవియే చల్లాఱుట తఱచు. ఈ పొడితనము అట్లు కాదు. ఊరకున్నచో తగ్గదు సరికదా, కాలము గడచినకొలది హెచ్చును. "ఓర్చుకొన్న పోవును" అని తల్లులు కూతులకు చెప్పుమాట జ్వరమునకు చెల్లునేమోగాని దీనికి చెల్లదు. ఓర్చుకొనుటవలన మఱియొక కీడును కలదు. ఒకమారు నొప్పి కలిగిన పిదప, మఱుసటి మారు భర్త చేయి తగులగానే దేహము ముందే బిగిసికొనును. బిగిసిన కండరములవలన నొప్పి ఇనుమడించును. ఆ నొప్పిని తలచుకొని మనసు కోరికనే చంపుకొనును. "నాకు ఆశ చచ్చినది" అని చెప్పు సోదరీమణులలో పలువురకు చచ్చినది ఆశ గాదు. వారికి నొప్పియందలి భయము పుట్టినది. ఈ రెండును వేఱు రోగములు, వేఱు మందులు.

ఇక ఉపాయములు. మొదటిది మానవలసిన వానినిగూర్చి. దురదగా నున్నదని సబ్బు రుద్దుట, క్రిమిసంహారక ద్రవములతో కడుగుట, పసుపు లోపల అద్దుట, పరిమళముగల పొడులు చల్లుట పలువురు చేయుచున్నారు. శుభ్రత యనుకొని చేయు ఈ పనులే పలుచనైన చర్మమును మఱింత మండించును. మంచినీళ్ళు చాలును. లోపలి భాగమును కడుగనే వలదు.

రెండవది, మందుల దుకాణమున దొరకు జెల్లులు. ఇవి రెండు తెగలు. ఒకటి కలయిక వేళ జాఱుడుకొఱకు పూసికొనునది. రెండవది కలయికతో సంబంధము లేక, వారమునకు రెండు మూడు మారులు లోపల ఉంచుకొని తేమను నిలుపునది. నీటితో చేసిన జెల్లు త్వరగా ఆఱును, సిలికోనుతో చేసినది హెచ్చుసేపు నిలుచును. మన యిండ్లలో కొబ్బరినూనె వాడుచున్నవారు కలరు. అది కొందఱకు పడును, కాని రబ్బరుతో చేసిన కండోమును నూనె చెఱచును. ముట్లు పూర్తిగ ఉడుగకుండ హెచ్చుతగ్గుగా వచ్చుచున్నవారు ఈ మాట మఱువరాదు. ఏలయన గర్భము ధరించు అవకాశము అప్పటికింకను కలదు. కడపటి ముట్టు 50 ఏండ్లలోపున వచ్చినచో రెండేండ్లును, 50 దాటిన పిదప వచ్చినచో ఒక యేడును గర్భనిరోధము పాటింపవలెనని వైద్యులు చెప్పుదురు. మనుమని బారసాలనాడు నాయనమ్మకు నెల తప్పినదని తెలియుట కథలలో నవ్వు పుట్టించునుగాని ఇంటిలో పుట్టింపదు.

మూడవది, వీనివలన చాలనిచో, వైద్యురాలు వ్రాసియిచ్చు ఈస్ట్రోజన్ లేపనము. దీనిని తొలి రెండు వారములు ప్రతి రాత్రియు, పిమ్మట వారమునకు రెండు మారులును లోపల ఉంచుకొనుట వాడుక. మొత్తము మిక్కిలి స్వల్పము. రక్తమున కలియునది అత్యల్పము. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును, రెండు మూడు నెలలకు గాని పూర్తిఫలము తెలియదు. పదునైదు దినములు వాడి "పని చేయలేదు" అని పాఱవేయువారిని మేమెఱుగుదుము. మాటిమాటికి వచ్చు మూత్రవ్యాధులను గూడ ఇది తగ్గించును. మానివేసినచో బాధ తిరిగి వచ్చును గావున పెక్కుకాలము వాడవలసియుండును. స్తనమున పుండు వచ్చి చికిత్స పొందినవారు మాత్రము తమకు చికిత్స చేసిన వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు.

"హార్మోనులా! కేన్సరు వచ్చును గదా" యని భయపడువారు పెక్కురు. ఈ భయమునకు ఒక చరిత్ర కలదు. 2002లో అమెరికాలో జరుగుచుండిన గొప్ప పరిశోధనయొకటి, రెండు హార్మోనులు కలిపి మింగిన స్త్రీలలో స్తన కేన్సరు కొంచెము హెచ్చినదని తేలి, మధ్యలో నిలిపివేయబడెను. ఆ వార్త లోకమంతట వ్యాపించి, స్త్రీలు మాత్రలను చెత్తబుట్టలో వైచిరి. ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయస్సు 63 ఏండ్లని మాత్రము ఆ వార్తతోపాటు వ్యాపింపలేదు. 60 ఏండ్లలోపు వయస్సు గలిగి, ముట్లుడిగి పదేండ్లు దాటని ఆరోగ్యవంతులకు, బాధ తీవ్రముగానున్నచో, మింగుడు మాత్రలవలన గాని చర్మమున కంటించు పట్టీలవలన గాని కీడుకంటె మేలే హెచ్చని పిదప వైద్యులు నిర్ణయించిరి. ఐనను అది ఒక్కొక్కరి దేహమును బట్టి, రక్తము గడ్డకట్టు జబ్బు, కాలేయ వ్యాధి మున్నగువానిని విచారించి ఈయవలసినది. పైపూత లేపనమును మింగుడు మాత్రయు ఒకటి కావు. రెంటిని ఒకే గాటకట్టి భయపడుటవలననే మన సోదరీమణులు సులభమైన మందును గూడ వదలుకొనుచున్నారు.

ఇచట మన తెలుగునాటి సంగతి యొకటి చెప్పక తప్పదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారము, దేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 3.2 మందికి గర్భసంచి తీసివేయగా, తెలంగాణమున 7.7 మందికి, ఆంధ్రప్రదేశమున 8.9 మందికి తీసివేసిరి. దేశపు లెక్కకు రెట్టింపు మించినది! తెల్లబట్టయనియు, నడుమునొప్పియనియు, "ఇద్దఱు బిడ్డలు పుట్టిరిగదా, ఇంకెందుకు ఆ సంచి" యనియు ముప్పది యేండ్లు దాటగనే ఆపరేషను చేయించుకొనినవారు పల్లెపల్లెను కలరు. ఇట్టివారు తెలిసికొనవలసిన దేమనగా: గర్భసంచి ఒక్కటే తీసినచో ముట్టు నిలుచునుగాని అండాశయములు పని చేయుచునే యుండును, ఐనను కొందఱలో అవి సహజకాలముకంటె ముందుగా అలసిపోవును. అండాశయములను గూడ తీసినచో, పది యేండ్లలో మెల్లగా రావలసిన మార్పు పది దినములలో వచ్చిపడును. 45 ఏండ్లలోపున ఇట్లు జరిగినవారికి, వేఱు అడ్డు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సువఱకు హార్మోనులు ఇచ్చుట మంచిదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అది దాంపత్యముకొఱకే గాదు, ఎముకలకొఱకును గుండెకొఱకును. మీ ఆపరేషను కాగితములు వెదకి, తీసినది సంచియొక్కటియేనా, అండాశయములు గూడనా యని చూచుకొనుడు. పలువురకు ఆ సంగతియే తెలియదు. చేసినవారు చెప్పలేదు, వీరు అడుగలేదు.

భర్తలను గూర్చి రెండు మాటలు. ఏబది దాటిన పురుషుని దేహము గూడ మాఱును. మధుమేహము, రక్తపుపోటు, పొగత్రాగుడు వారి పటుత్వమును తగ్గించును. అది బయటపడునేమోయని వారును వెనుదీయుదురు. ఇటు భార్య నొప్పికి భయపడి అటు తిరిగి పడుకొనును, అటు భర్త అవమానమునకు భయపడి ఇటు తిరిగి పడుకొనును. ఇద్దఱును "నామీద ప్రేమ పోయినది" అని లోలోన ఏడ్తురు. పురుషునకు ఇట్టి లోపము క్రొత్తగా వచ్చినచో దానిని సిగ్గుగా దాచక వైద్యునకు చూపవలెను, ఏలయన గుండె నాళములు పూడుచున్నవనుటకు ఇది కొన్ని యేండ్లు ముందుగానే సూచన కావచ్చును. స్నేహితులు చెప్పిన మాత్రను దుకాణమున కొని మింగరాదు. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారికి అది ప్రాణాంతకము. ఫోనులలోను గోడలమీదను ప్రకటించు శక్తి లేహ్యములను గూర్చి మా అభిప్రాయము అడుగకయే మీరు గ్రహింతురు.

జాబు వ్రాసిన సోదరీ! మీకు మేము చెప్పునది ముందుగా మాట, పిదప మందు. అలిగిన భర్తతో రాత్రివేళ, మంచముమీద ఈ ప్రసంగము ఎత్తకుడు. ఆయన సాయంకాలము అరుగుమీద గాని మేడమీద గాని ఒంటరిగానున్నవేళ, లేక ఇద్దఱును కలసి గుడికి నడచునప్పుడు చెప్పుడు. "ఏమండీ, నాకు మీమీద మనసు తగ్గలేదండీ. ముట్లు ఆగినప్పటినుంచీ నాకు లోపల నొప్పిగా ఉంటోంది. చెప్పడానికి సిగ్గేసింది. డాక్టరమ్మ దగ్గరికి తీసికెళ్ళండి" అని మన ఇంటి మాటలలోనే చెప్పుడు. ఇంతకుమించిన వాక్చాతుర్యము అక్కరలేదు. ఏడాదిన్నరగా తనను వలదన్నారని తలచుచున్న మనిషికి, వలదన్నది తనను గాదని తెలియుటయే సగము చికిత్స. ఆయన ఈ మాటను విని కూడ మీ నొప్పిని లెక్కచేయక బలవంతపెట్టినచో అది వేఱు సంగతి. నొప్పిని సహించుట ఇల్లాలి ధర్మమని మేము ఏనాడును వ్రాయము.

మందు ఫలించువఱకు నొప్పి కలిగించు కలయికను మానుడు, దగ్గఱితనమును మానకుడు. ప్రక్కన పడుకొనుట, చేయి పట్టుకొనుట, తల నిమురుట, ఒకరి కాళ్ళకొకరు నూనె వ్రాయుట దాంపత్యములోనివే. తిరిగి మొదలిడునప్పుడు తొందర కూడదు. ఈ వయస్సున దేహము మేల్కొనుటకు పూర్వముకంటె హెచ్చుసేపు పట్టును. అది లోపము గాదు, దేహము తీరు. కోరిక ముందు పుట్టి పిదప స్పర్శ కలుగుట యౌవనమున హెచ్చు; ఇప్పుడు స్పర్శ ముందు కలిగి పిదప కోరిక మేల్కొనుట పలువురి అనుభవము. నొప్పిలేని భంగిమను, వేగమును నిర్ణయించు అధికారము స్త్రీకే ఉండవలెను. కటిభాగపు కండరములను బిగించి వదలు వ్యాయామమును 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డు కేగెల్ వెల్లడించెను. మూత్రము జాఱువారికి అది మేలు చేయును. కాని నొప్పికి బిగిసికొను అలవాటు గలవారు బిగించుటకంటె వదలుట ముందు నేర్వవలెను. నిండుగా ఊపిరి తీసి, వదలునప్పుడు క్రిందిభాగమును సడలించుట ప్రతిదినము చేయుడు.

వైద్యురాలి యొద్దకు పోవునపుడు కోడలినో కూతునో వెంటబెట్టుకొనిపోయి, వారి ముందర సిగ్గుపడి "మోకాళ్ళ నొప్పులు" అని చెప్పి తిరిగివచ్చువారు కలరు. ఒక చీటిమీద బాధను వ్రాసికొనిపోయి చేతికిచ్చినచో చాలును. వాడుచున్న మందులన్నిటిని చూపుడు. రక్తపుపోటునకు, దిగులునకు ఇచ్చు మందులు కొన్ని కోరికను తగ్గించును, కాని వానిని మీయంతట మానరాదు. చక్కెరజబ్బు, థైరాయిడు ఉన్నవేమో పరీక్షింపుమని అడుగుడు. మధుమేహమున్నచో దురదకు అది వేఱొక కారణము కావచ్చును.

భర్తను పోగొట్టుకొన్నవారు, ఒంటరిగానున్నవారు ఈ పుటను త్రిప్పివేయరాదు. మంట, దురద, మూత్రబాధ వారికిని వచ్చును. మందును వారికిని అదియే. "ఈమెకెందుకు ఈ లేపనము" అని ఇంటివారు గొణిగినచో గొణుగనిండు. మఱియు, దంపతులిద్దఱును కలయికను చాలించి, ఒకరితో నొకరు తృప్తిగా నున్నచో అందు రోగమేమియు లేదు. బాధ ఉన్నచోటనే మందు కావలెను.

ఒక్క హెచ్చరికను మాత్రము అందఱును గుర్తుంచుకొనవలెను. ముట్లుడిగి ఏడాది గడచిన పిమ్మట ఒక్క చుక్క నెత్తురు కనబడినను, అది "తిరిగి ముట్టైనది" అని తలపక, "రాపిడివలన" అనియు సరిపెట్టుకొనక, ఆ వారముననే వైద్యురాలికి చూపవలెను. పెక్కుమార్లు కారణము స్వల్పమే యగును. కాని గర్భసంచి లోపలిపొర కేన్సరునకు మొదటి గుర్తు ఇదియే కావచ్చును, మొదటనే కనుగొన్నచో అది కుదురునట్టిది.

ఆ సోదరి ఏ ఊరివారో మాకు తెలియదు గావున ఈ సంచిక వారి చేతికి చేరునో లేదో చెప్పజాలము. చేరినచో, మంచము తిరిగి మార్చినదియు లేనిదియు మాకు వ్రాయనక్కరలేదు. వైద్యురాలు ఏమనినదియు మాత్రము ఒక ముక్క వ్రాసిన సంతోషింతుము. రాబోవు సంచికలో నడివయస్సు స్త్రీల ఎముకలను గూర్చియు, రాగులు, నువ్వులు, ఎండ మున్నగువానిని గూర్చియు వ్రాయుదుము.